ఛత్రినాకలో చదివిన 'గైజిన్'

మిత్రులకు ముందే ఒక మాట చెప్పుకోవాలి. నేను సాహిత్య విద్యార్థిని కాను. చదివేది రసాయన శాస్త్రం, పుట్టింది పత్తి పండించే ఇంట్లో. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమమే. అటువంటి నేను వెయ్యి పేజీలు దాటిన ఇంగ్లీషు నవల పూర్తిచేశానంటే అందుకు కారణం పాండిత్యం కాదు, మొండితనం.

ఆబిడ్స్‌లో ఆదివారంనాడు ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో జేమ్స్ క్లావెల్ రాసిన 'గైజిన్' నాకు 80 రూపాయలకు దొరికింది. ఛత్రినాకలో మా చిన్నమ్మ వాళ్ళింట్లో, మేడమీది గదిలో, పక్కన నిఘంటువు పెట్టుకొని రెండు నెలలు చదివాను. మధ్యలో బాపు ఊరినుంచి బియ్యం మూట తెచ్చాడు. పుస్తకాన్ని చేతిలో తూచినట్టు చూసి, "ఇది పరీక్షకొస్తదా బిడ్డా?" అన్నాడు.

"రాదు బాపూ."

"మరి ఏముందిల?"

ఆ పూట సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ జవాబే అనుకోండి.

'గైజిన్' అంటే జపాను భాషలో బయటి మనిషి, పరదేశి. నవల 1993లో వెలువడింది. రచయిత రెండో ప్రపంచయుద్ధంలో జపానువాళ్ళకు ఖైదీగా చిక్కి, సింగపూరులోని చాంగీ శిబిరంలో మగ్గినవాడు. అయినా జపాను మనిషిని రాక్షసుడిగా చిత్రించకపోవటం నాకు ఆశ్చర్యం కలిగించింది.

కథ 1862లో యొకొహామా రేవులో జరుగుతుంది. మొదటి సంఘటన చరిత్రలో నిజంగా జరిగినదే. ఆ ఏడు సెప్టెంబరు 14న, నమముగి అనే పల్లె దగ్గర, తొకైదో రాజమార్గం మీద సత్సుమా సంస్థానం పెద్ద షిమజు హిసమిత్సు పరివారంతో పోతున్నాడు. ముగ్గురు ఇంగ్లీషు మగవాళ్ళు, ఒక స్త్రీ గుర్రాల మీద ఎదురు వచ్చారు. దేశాచారం ప్రకారం దిగి పక్కకు తప్పుకోవాలి. వాళ్ళు దిగలేదు. కత్తులు లేచాయి. రిచర్డ్‌సన్ అనే వ్యాపారి చచ్చిపోయాడు, ఇద్దరు గాయపడ్డారు. మరుసటి ఏడు, అంటే 1863 ఆగస్టులో, ఇంగ్లీషు నౌకలు కగోషిమా పట్టణం మీద ఫిరంగులు పేల్చాయి. సత్సుమావాళ్ళు 25,000 పౌన్ల పరిహారం కట్టవలసి వచ్చింది.

క్లావెల్ ఈ పేర్లన్నీ మార్చేశాడు. గాయపడినవాణ్ణి మాల్కం స్ట్రువాన్ అనే పెద్ద కంపెనీ వారసుడిగా చేసి, వాడి పక్కన ఏంజెలిక్ అనే ఫ్రెంచి పిల్లను పెట్టాడు. తొకుగవా వంశాన్ని తొరనగా వంశం చేశాడు. కనుక ఇది చదివి ఎవరూ చరిత్ర పరీక్ష రాయవద్దు! ఆ ప్రేమకథ సాగదీత కూడాను. ఒక్కొక్కచోట నేనే పేజీలు తిప్పేశాను.

నన్ను పట్టుకున్నది వేరు. ఆ దారి మీద ఎవరి చట్టం చెల్లుతుంది? 1858 ఒప్పందాల ప్రకారం పరదేశి జపాను గడ్డ మీద నేరం చేసినా, విచారించేది అతని దేశపు కాన్సులే. ఈ ఏర్పాటు 1899 దాకా పోలేదు. యొకొహామాలో పరదేశుల పేటకు కాపలా ద్వారాలుండేవి. ఆ ప్రాంతాన్ని నేటికీ 'కన్నాయ్' అంటారు, అనగా చౌకీకి లోపలిది. నాకా అన్నా చౌకీయే గదా! ఛత్రినాకలో కూర్చున్న నాకు ఆ మాట దగ్గర నవ్వొచ్చింది.

నవ్వు ఆగాక కోఠీ జ్ఞాపకం వచ్చింది. మా బస్సు రోజూ మూసీ దాటి అక్కడికే పోతుంది. కిర్క్‌పాట్రిక్ 1803లో మొదలుపెట్టి కట్టించిన రెసిడెన్సీ భవనంలో తర్వాతి కాలంలో మహిళా కళాశాల నడిచింది, ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం. మనం చీరలకు, పుస్తకాలకు తిరిగే సుల్తాన్ బజారు ఒకప్పుడు రెసిడెన్సీ బజారు. నిజాం రాజధానిలో ఉండి కూడా అక్కడ నిజాం అధికారం చెల్లేది కాదు. 1933లో గాని అది తిరిగి నిజాం చేతికి రాలేదు. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ మక్కా మసీదు నుంచి జనంతో కదిలి ఆ రెసిడెన్సీ మీదికే పోయారు. ఫిరంగుల ముందు నిలవలేకపోయారు. నమముగి కత్తి వెనక ఉన్న కోపం నాకు అర్థమైంది ఈ బస్సు దారివల్లనే, నిఘంటువు వల్ల కాదు.

ఇక నా తగాదా. ఇన్ని పేజీల్లో వర్తకులున్నారు, సమురాయ్‌లున్నారు, వేశ్యావాటిక ఉంది, గూఢచారులున్నారు. రైతు మాత్రం దాదాపు దారిపక్కన సాగిలపడి ఉంటాడు, అంతే. కాని ఆ పరదేశుల వ్యాపారం దెబ్బ తగిలింది అతని కంచానికే. అప్పటికి జపానులో ఒక తులం బంగారానికి సుమారు 5 తులాల వెండి. బయటి లోకంలో సుమారు 15. వెండి డాలర్లు తెచ్చి, జపాను వెండి నాణేలకు మార్చి, వాటితో బంగారం కొని షాంఘైలో అమ్మితే మూడింతలు. ప్రయోగశాల అక్కర్లేని రసవాదం ఇది! బంగారం కారిపోతుంటే ప్రభుత్వం 1860లో బంగారు నాణెంలో బంగారాన్ని మూడోవంతుకు దించింది. ధరలు లేచాయి, బియ్యం ధర మరీ.

మన వైపు చూడండి. అమెరికా నౌకలతో పెర్రీ జపాను తలుపు తట్టింది 1853లో. అదే ఏడు, సైన్యం ఖర్చుల బాకీ కింద నిజాం బీరారును కంపెనీకి అప్పగించవలసి వచ్చింది. బీరారంటే నల్లరేగడి, పత్తి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి లాంకషైర్ మిల్లులకు దూది కరువైతే ఆ పత్తి ధర ఎక్కడికో పోయింది.

దసరాకు ఊరికి పోయినప్పుడు బాపుకు ఇదంతా చెప్పాను. జపాను సంగతి ఓపిగ్గా విన్నాడు. పత్తి మాట రాగానే చుట్ట పక్కన పెట్టాడు.

"యుద్ధం అయిపోయినంక ధర పడ్డదా?"

"పడ్డది బాపూ, 1865లో."

"పడ్తది" అని లేచి, ఎడ్లకు గడ్డి వేయటానికి పోయాడు.