చిన్న చేతికి పొట్టి బేస్ గిటారు

పెళ్లిళ్లలో, జాతర్లలో పాడే ఆర్కెస్ట్రాలో పాటకు అడుగున గుమ్మని మోగేది బేస్ గిటారు. నేర్చుకోవాలని ఉన్నా, వేళ్లు అందక మధ్యలో మానేసే పిల్లలున్నారు. వారికి పొట్టి రకం అనుకూలం.

మామూలు బేస్ గిటారులో తీగె మోగే పొడవు 34 అంగుళాలు. పొట్టి రకంలో 30. ఒకే మందం తీగెను ఒకే శ్రుతికి బిగిస్తే పొట్టిదానిలో బిగువు సుమారు 22 శాతం తక్కువ. మెట్లు దగ్గరగా ఉంటాయి, తీగె సులువుగా నొక్కుకుంటుంది. నాదం మెత్తగా, నిండుగా వస్తుంది. పొడవు రకంలోని ఖంగుమనే స్పష్టత మాత్రం కొంత తగ్గుతుంది.

పొట్టివన్నీ ఒకేలా మోగవు. జర్మనీలో పుట్టిన హాఫ్నర్ వయొలిన్ ఆకారపు గిటారు లోపల బోలుగా ఉంటుంది. బరువు తక్కువ. మోత మద్దెల దెబ్బలా గుమ్మని వచ్చి త్వరగా అణగిపోతుంది. బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్నీ 1961లో కొన్నది ఈ రకమే. 1966లో వచ్చిన అమెరికా ఫెండర్ మస్టాంగ్‌ది గట్టి చెక్క. మోత ఎక్కువసేపు నిలుస్తుంది, మీటు తేటగా వినిపిస్తుంది.

కొనేముందు అన్నిటికన్నా లావు తీగెను మెట్టు నొక్కకుండా మీటి చూడాలి. వదులుగా కొట్టుకుంటే ఇంకాస్త లావు తీగె వేయించాలి. పొట్టి రకానికని చేసిన తీగెలే అడిగి తీసుకోవాలి. పేరు చూసి డబ్బు పెట్టేకంటే, చేత పట్టి, చెవితో విని ఎంచుకోవడం మేలు.