సూది మెడలో మిగిలే చుక్క

ప్రొద్దుటూరు, పులివెందుల వైపు అరవై దాటినవాళ్లను అడగండి. గాజు సిరంజి, స్టీలు డబ్బా, స్టవ్వు మీద సలసల మరిగే నీళ్లు గుర్తున్నాయంటారు. జమ్మలమడుగు క్యాంప్‌బెల్ మిషన్ ఆసుపత్రి లాంటి పెద్దచోట్ల నుంచి ఊళ్లో ఆర్‌ఎంపీ దాకా ఒకప్పటి పద్ధతి అదే: మరిగించు, మళ్లీ వాడు.

1853లో ఫ్రాన్స్‌లో ప్రావాజ్, స్కాట్లాండ్‌లో అలెగ్జాండర్ వుడ్ ఎవరికి వారే బోలు సూదిని సిరంజికి తగిలించారు. వుడ్ ఎక్కించింది మార్ఫిన్. మత్తుకూ సూదికీ పొత్తు పుట్టుకతోనే కుదిరిందన్నమాట!

తర్వాత వాడి పారేసే ప్లాస్టిక్ సిరంజి వచ్చింది. పారేయాలంటే ఇంకొకటి దొరకాలి కదా. దొరకనిచోట మత్తుమందు ఎక్కించుకునేవారి మధ్య ఒకే సూది చేతులు మారింది. 1990 ప్రాంతంలో మణిపూర్‌లో హెచ్‌ఐవీ అలాగే పాకింది.

ఇక్కడ సిరంజి లోపలికి తొంగిచూడాలి. సూది ఊడదీసే రకంలో పిస్టన్‌ను చివరిదాకా నొక్కినా మెడ దగ్గర సుమారు 84 మైక్రోలీటర్లు మిగిలిపోతాయి, అంటే చుక్కన్నర. ఇన్సులిన్ సిరంజిలా సూది అతికి ఉన్నదాంట్లో మిగిలేది 2 మైక్రోలీటర్లే. వైరస్‌కు కావలసింది ఆ కాస్త చోటే. అందుకే 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, మత్తుమందు ఎక్కించుకునేవారికి చేసే సూదుల పంపిణీలో ఈ తక్కువ ఖాళీ ఉన్న సిరంజిలూ ఇవ్వాలంది.

మన కడప ఎండకు వైరస్ మాడిపోదా అని అడిగేవారుంటారు. యేల్ పరిశోధకులు 2000లో చూశారు. 4 డిగ్రీల చల్లదనంలో సగం సిరంజిల్లో 42వ రోజుకూ వైరస్ బతికే ఉంది. 27 నుంచి 37 డిగ్రీల్లో వారం దాటాక వైరస్ బతికున్న సిరంజిలు ఒక శాతం లోపుకు పడిపోయాయి. ఎండ సాయం చేస్తుంది, నిజమే. కానీ పక్కవాడు సూది అందుకునేది వారం తర్వాత కాదు, అదే నిమిషంలో.

ఒక్కసారి నొక్కగానే బిగుసుకుపోయే సిరంజి టీకాలకు గొప్ప మేలు చేసింది. మత్తుకు బానిసైనవాడికి మాత్రం అదొక్కటే చాలదు. కొత్త సూది చేతికందాలి, లేదా మత్తుమందుకు బదులుగా నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్ మాత్రతో సూది పనే తప్పిపోవాలి. పాత సూది తీసుకుని కొత్తది ఇస్తే నేరాన్ని ప్రోత్సహించినట్టని కొందరంటారు. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం అలా అనుకోలేదు. సూదుల మార్పిడి పథకం కింద సూది ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ దోషులు కారని ఉదాహరణతో సహా చెప్పింది. అది 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది.

సందేహముంటే ప్రభుత్వాసుపత్రిలోని ఐసీటీసీలో (సలహా, పరీక్షల కేంద్రంలో) హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, పేరు బయటపెట్టరు. ఫోను చేయాలంటే 1097.