కొండగండిలో దారి చూపువారు

గండి యను మాట మనకు క్రొత్తది కాదు. చెరువుకట్ట తెగి నీరు పారినచోట గండి పడినదందుము. కొండను కోసికొని ఏరు వెలువడిన ఇరుకు త్రోవను గూడ గండి యనియే పిలుతుము. కడపసీమలో ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పెన్న పారుచోట నిలిచిన కోటకు గండికోట యను పేరు అందువలననే కలిగినది. గండి యొడ్డున నిలువబడి, క్రింద పారు నీటిని చూచి, విస్మయపడి మరలివచ్చుట మనకు అలవాటు. ఐరోపాఖండపు పర్వతసీమలలో గండిలోనికే దిగు వినోదమొకటి కలదు. ఏటితోపాటు నడచి, మడుగులలో ఈది, నున్నని బండలపై జారి, జలపాతములకడ త్రాళ్ళు పట్టి దిగి, కొన్ని గంటలకు క్రిందిచివరన వెలికివత్తురు. దీనిని కేనియనింగ్ అందురు. ఈ ప్రసంగములో మనము గండిప్రయాణ మని పిలుచుకొందము.

ఇది మనకేల యని శ్రోతలు అడుగవచ్చును. చదువులకును ఉద్యోగములకును జర్మనీ మొదలగు దేశములకు వెళ్ళిన తెలుగు యువకులు, యువతులు నేడు అనేకులు. సెలవులు వచ్చినపుడు ఆల్ప్సు పర్వతములు చూడబోవుట వారికి సహజము. రుసుము తీసికొని, మార్గదర్శిని తోడిచ్చి, జనులను గండులలో దింపి తీసికొనివచ్చు సంస్థలు అచ్చటి ఊళ్ళలో కలవు. "రేపు గండిలో దిగబోవుచున్నాము" అని బిడ్డ టెలిఫోనులో చెప్పినపుడు, ఊరక "వద్దు" అనుటకంటెను, ఊరక "సరే" అనుటకంటెను, అడుగవలసిన ప్రశ్న అడుగగలుగుట పెద్దలకు మేలు. ఆ ప్రశ్న యేదో తెలియవలెనన్న, ముందు గండిలో ఏమి జరుగునో తెలియవలెను.

గండులను మొదట పరిశోధించినవారు వినోదమునకై దిగలేదు. ఫ్రాన్సు దేశపు ఆగ్నేయభాగమున వెర్దోన్ నది సున్నపురాతి కొండలను కోసి, కొన్నిచోట్ల 700 మీటర్ల లోతుగల గండిని ఏర్పరచినది. గుహల పరిశోధనలో ప్రసిద్ధికెక్కిన ఎడువార్ మార్టెల్ 1905 ఆగస్టులో ఆ గండి వెంబడి సాగి దానిని పరిశీలించెను. 1889లోనే పాదిరాక్ అను పాతాళబిలమున దిగిన అనుభవశాలి ఆయన. అట్టివాడును స్థానికుల తోడులేక పోలేదు. గండికి పైనున్న రూగోన్ గ్రామపు బడిపంతులు ఇసిడోర్ బ్లాన్ ఆయన వెంట నడచెను. నేడు ఆ గండిలో కాలినడకవారు పోవు బాటకు బ్లాన్-మార్టెల్ బాట యని పేరు. శాస్త్రజ్ఞుని పేరుకు ముందు బడిపంతులు పేరు నిలిచినది. ఇంచుమించు ఆ కాలముననే స్పెయిన్ దేశములోని గ్వారా కొండల గండులను లూసియన్ బ్రియే అను ఫ్రెంచి యాత్రికుడు తిరిగి చూచి ఛాయాచిత్రములు తీసెను. ఆ గ్వారా కొండలే నేడు గండిప్రయాణములకు పేరుపొందిన చోటు.

గండి ఏర్పడు విధము తెలిసికొనదగినది. గాలినుండియు మట్టినుండియు వాననీటిలో కలిసిన బొగ్గుపులుసు వాయువు సున్నపురాతిని కొంచెము కొంచెముగా కరగించును. వరదలో కొట్టుకొనివచ్చిన గులకరాళ్ళు సుడిలో తిరుగుచు బండను తొలిచి, రోలువంటి గుండములు చేయును. నీరు క్రిందికి కోసినంత త్వరగా ప్రక్కగోడలు అరిగి విరిగిపడనిచో, లోయ వెడల్పు కాక గండిగా మిగులును. కొన్నిచోట్ల రెండు చేతులు చాచినంతనే రెండు గోడలును అందును. ఆకాశము తలపైన గీతవలె కనబడును. చూచువారికి ఆనందము కలిగించు ఈ ఇరుకుదనమే అపాయమునకును మూలము.

ప్రయాణపు దినమున మార్గదర్శి మొదట కొన్ని ప్రశ్నలు వేయును. ఈత వచ్చునా? గుండెజబ్బుగాని, మూర్ఛగాని, కీళ్ళనొప్పిగాని కలదా? పిమ్మట ఉడుపులు ఇచ్చును. మంచు కరగి వచ్చు వాగులో నీరు వేసవియందును మిక్కిలి చల్లగా నుండును. నీరు గాలికంటె ఇంచుమించు 25 రెట్లు త్వరగా ఒంటివేడిమిని లాగివేయును. అందుచే నియోప్రీన్ అను రబ్బరుతో చేసిన, ఒంటికి అంటియుండు ఉడుపు తొడుగుదురు. ఆ రబ్బరులో నిండియున్న సన్నని బుడగలు వేడిని పోనీయవు. మనిషిని కొంత తేల్చును గూడ. తలకు గట్టి శిరస్త్రాణము, నడుమునకును తొడలకును బలమైన పట్టీలు, కాళ్ళకు జారని బూట్లు ఉండును. త్రాళ్ళు మోయు సంచులకు చిల్లులుండును, నీటిలో మునిగి లేచినను నీరు కారిపోవుటకు. చలికి వ్రేళ్ళు మొద్దుబారినవాడు త్రాడు సరిగా పట్టలేడు. వణకువాడు చెప్పినమాట మనస్సునకు పట్టించుకొనలేడు. కావున ఆ ఉడుపు సుఖమునకు మాత్రమే కాదు, తెలివి నిలుచుటకును అవసరము.

గండిలో క్రిందికి పోవు విధములు ముఖ్యముగా మూడు: జారుట, దుముకుట, త్రాటిపై దిగుట. జారునపుడు వెల్లకిల పడుకొని చేతులు రొమ్మున ముడిచికొందురు; లేనిచో మోచేయి బండకు తగులును. దుముకునపుడు కాళ్ళు జోడించి నిలువుగా నీటిలో పడుదురు. మడుగు లోతెంతయో, అడుగున రాళ్ళు దుంగలు కలవేమో చూచినగాని మంచి మార్గదర్శి ఎవరిని దుముకనీయడు. నిన్న లోతుగానున్న మడుగు నేడును అట్లే యుండునను నమ్మకము లేదు. ఒక బండను దొర్లించుకొనివచ్చి అందులో పడవేయుటకు ఒక్క వరద చాలును. "దిగితేగాని లోతు తెలియదు" అను మన సామెత ఇచ్చట మార్గదర్శికి మాత్రమే వర్తించును. తక్కినవారు లోతు తెలిసిన పిమ్మటనే దిగవలెను.

ఎత్తైన జలపాతముకడ త్రాడే ఆధారము. రాతిని తొలిచి బిగించిన రెండు బోల్టులను జతచేసి వానికి త్రాడు తగిలింతురు. ఒకటి ఊడినను రెండవది నిలుపును. దిగువాని నడుముపట్టీకి ఎనిమిది అంకెవంటి లోహపు సాధనమొకటి యుండును. త్రాడు దాని గుండ మెలిదిరిగి పోవునపుడు కలుగు రాపిడి దిగు వేగమును అదుపులో నుంచును. నీటిహోరులో మాట వినబడదు గనుక చేసైగలను, ఈలలను ముందుగనే నిర్ణయించుకొందురు. దిగువాడు ధారక్రింద చిక్కుపడినచో పైనుండియే త్రాటిని సడలించి వానిని క్రిందికి విడుచుటకు వీలగునట్లు మార్గదర్శి ముడి అమర్చును.

అందరును దిగిన పిమ్మట ఒక పని జరుగును. చూచుటకు అది చిన్నది. కాని ప్రయాణమునకంతటికి అదియే కీలకము. త్రాడు బోల్టులకున్న ఉంగరముగుండ పోయి యుండును. క్రిందనుండి ఒక కొనను లాగగా, రెండవ కొన పైకిపోయి, ఉంగరము దాటి, త్రాడంతయు క్రిందపడును. తరువాతి జలపాతమునకు ఆ త్రాడే కావలెను గదా! ఏరు దాటి తెప్ప తగులబెట్టినవానిని మనము నిందింతుము. గండిలో జలపాతము జలపాతమునకును తెప్ప తగులబెట్టక తప్పదు. వెనుకనున్న గోడ నున్నన, తడి, నిలువు. మరల ఎక్కుట సాధ్యము కాదు. కొన్ని గండులలో నడుమనడుమ ప్రక్కకు ఎక్కిపోవు త్రోవలుండును. కొన్నిటిలో చాలదూరము ఉండవు. కొండ ఎక్కువాడు అలసినచో తరచుగా వచ్చినదారినే దిగిపోవచ్చును. త్రాడు లాగినవానికి ఆ స్వేచ్ఛ లేదు. కావున దిగవలెనా, మానవలెనా యను తీర్పు గండిమొగలో అడుగుపెట్టుటకు ముందే జరుగవలెను.

ఆ తీర్పునకు ముఖ్యమైన సంగతి నీరు. పది చదరపు కిలోమీటర్ల కొండచరియపై ఒక్క సెంటీమీటరు వాన కురిసిన, పడిన నీరు పది కోట్ల లీటర్లు. అందు కొంత నేల త్రాగును, కొంత చెట్లు పట్టును. బండనేలయైనను, ముందే తడిసిన నేలయైనను మిగిలినదెల్ల వాగులోనికే వచ్చును. మైదానములో ఆ నీరు పొలములపై పరచుకొనును. గండిలో ప్రక్కకు పోవ చోటు లేదు, పైకి లేవవలసినదే. గండిలోనివారి తలపై ఎండ కాయుచుండగనే ఎగువనున్న కొండపై ఉరుము ఉరిమి వాన కురిసియుండవచ్చును. వాన లేకున్నను ఎండకు మంచు కరగి మధ్యాహ్నమునకు వాగు పెరుగవచ్చును. వెర్దోన్ వంటి నదులకు ఎగువన ఆనకట్టలు కలవు. వానినుండి నీరు విడిచినను గండిలో మట్టము మారును.

ఈ సంగతి తెలియజెప్పిన ఘోరప్రమాదము 1999 జులై 27వ తేదీన జరిగెను. స్విట్జర్లాండులో ఇంటర్‌లాకెన్ సమీపమున సాక్సెటెన్ అను వాగు కలదు. అనేక దేశములనుండి వచ్చిన యాత్రికులు ఆనాటి సాయంకాలము మార్గదర్శులతో ఆ గండిలో నుండిరి. ఎగువలోయలో ఉరుములతో పెద్దవాన కురిసెను. వరద ఒక్కుమ్మడిగా విరుచుకొనివచ్చి 21 మందిని బలిగొనెను. మృతులలో ముగ్గురు మార్గదర్శులు. త్రాటిపనియందు వారికి నేర్పు లేక కాదు. ఆ సమయమున ఆ గండిలో ఎవరును ఉండదగదు. 2001 డిసెంబరులో అచ్చటి న్యాయస్థానము నిర్లక్ష్యముచే మరణములు కలిగించినందుకు ఆరుగురిని దోషులుగా నిర్ణయించెను. అపాయకరమైన ఇట్టి వినోదములను నడుపువారికి అనుమతి యవసరమని విధించు సమాఖ్య చట్టము ఆ దేశములో 2014 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. చట్టములు వచ్చినను కొండవాన మారదు. 2018 ఆగస్టు 20వ తేదీన ఇటలీ దక్షిణభాగమున రగనెల్లో గండిలో హఠాత్తుగా వచ్చిన వరదకు పదిమంది మృతినొందిరి. అందును ఒక మార్గదర్శి కలడు.

ఈ కారణములచే మార్గదర్శియొక్క అసలు పని త్రాడు కట్టుటతో మొదలుకాదు. వాతావరణ సూచన చదువుటతో మొదలగును. ఈ గండిలోనికి ఎంత కొండనేల నీరు దిగును? నిన్న వాన పడినదా? వెలికిపోవు త్రోవలు ఎచ్చటెచ్చట కలవు? నెమ్మదిగా నడచువారున్నచో ఎన్ని గంటలు పట్టును? ఇవి యన్నియు ఆతడు ముందుగా ఆలోచింపవలెను. గండిలో దిగిన పిమ్మటను చూపు నీటిపైననే యుండవలెను. తేటగానున్న నీరు మసకబారుట, ఆకులు పుల్లలు విశేషముగా తేలివచ్చుట, నీటిచప్పుడు మారుట, ఇవి ఎగువనుండి వచ్చు హెచ్చరికలు. అట్టి వేళ వరదతో పందెము వేసి క్రిందికి పరుగెత్తుటకంటె, అందినంతలో ఎత్తైన గట్టు నెక్కి నీరు తీయువరకు వేచియుండుట మేలు. అది ఎంత చలియైనను, ఎన్ని గంటలైనను సరియే. ఆ సమయమున మార్గదర్శి మాటకు ఎదురు చెప్పరాదు.

ఇక మొదట చెప్పిన ప్రశ్నకు వత్తము. మార్గదర్శికి అర్హతపత్రము కలదా, ఆ గండి ఆతనికి తెలిసినదా, ఎందరికి ఒక మార్గదర్శి యను విషయములు తప్పక అడుగవలసినవే. కాని అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న వేరు: "ఏమి చూచినచో మీరు నేడు దిగుట మానుదురు?" ఈ ప్రశ్నకు నవ్వి, "ఎప్పుడును ఏమియు కాదు" అనువానితో పోరాదు. ఎగువన మబ్బు పట్టినచో, వాగులో నీరు ఫలానా బండను దాటినచో దిగమని గురుతులు చెప్పువానితో పోవచ్చును. మానుకొన్న దినమున సంస్థకు రాబడి పోవును. దూరమునుండి వచ్చిన యాత్రికులు సణుగుదురు. ఆ రెండింటికిని లోబడక "నేడు వద్దు" అనగలవాడే మార్గదర్శి.

సాయంకాలము బిడ్డ టెలిఫోను చేసి, "గండిమొగ దాక పోయి ఊరక తిరిగివచ్చితిమి, దిగనీయలేదు" అని విసుగుకొన్నచో, పెద్దలు ఆ విసుగును ఓర్పుతో వినవలెను. ఆ దినమున మార్గదర్శి తన పని చేసినాడు.