ఉప్పునీటి తొట్టికి కానిస్టరు ఫిల్టరు: స్వల్పధనముతో ఎన్నుకొను విధము

గాజుతొట్టిలో ఈదులాడు రంగుచేపలను చూచి సంతోషింపని బాలుడుండడు. మంచినీటి చేపలను మన యూళ్ళలోను కొందఱు పెంచుచున్నారు. పై తరగతుల విద్యార్థులు కొందఱు ఒక మెట్టు పైకెక్కి, పాఠశాలలో సముద్రపు చేపలనే పెంచవలెనని కోరుచు, అందులకు ఏ కానిస్టరు ఫిల్టరు కొనవలెనని అడిగిరి. కల్లావికి సముద్రము దూరము. చందాలు వేసికొని కూడబెట్టిన ధనము స్వల్పము. తప్పుగా కొన్నచో మరల కొనుట కష్టము. అంతకంటె ముఖ్యమైన విషయ మొకటి కలదు. మన పొరపాటునకు నోరులేని ప్రాణులు చచ్చును. కావున ధనము వెచ్చించుటకు ముందే ఈ యంత్రము చేయు పని యేమో తెలిసికొనవలెను.

జలచరములను తొట్లలో నుంచి ప్రజలకు చూపు మత్స్యశాల 1853వ సంవత్సరమున లండను జంతుప్రదర్శనశాలలో తెఱువబడెను. మద్రాసు సముద్రతీరమున 1909లో అట్టిది వెలసెను. దానికి సముద్రము ఎదుటనే యుండెను. మనకట్టి సౌకర్యము లేదు. లీటరు నీటికి సుమారు 35 గ్రాముల సముద్ర లవణములు కలిపి ఆ నీటిని మనమే తయారు చేసికొనవలెను. వంటయింటి ఉప్పు ఇందుకు పనికిరాదు. మెగ్నీషియము, కాల్షియము మున్నగువానితో కూడిన మిశ్రమమే కావలెను. ఇంత శ్రమపడి చేసిన నీటిని పదేపదే శుద్ధిచేసి వాడుకొనుటకే ఫిల్టరు.

మన జిల్లాలో పాఱు దక్షిణ పినాకిని ఇసుకలో చెలమ త్రవ్వినచో తేటనీరు ఊరును. ఇసుక మురికిని ఆపుటచేత నీరు తేటపడును. ఫిల్టరులోని స్పాంజియు అట్లే మురికిని పట్టి యుంచును. కాని తేటగా నున్న నీరెల్ల నిర్దోషమైనది కాదు. చేపల విసర్జనమునుండియు, మిగిలిన మేతనుండియు అమ్మోనియా పుట్టును. అది కంటికి కనబడని విషము. సముద్రజలమునకు క్షారగుణ మెక్కువ గనుక అందులో ఆ విషము మఱింత తీవ్రముగా నుండును. ఒక జాతి సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగా మార్చును. వేఱొక జాతి దానిని నైట్రేటుగా మార్చును. నైట్రైటు కూడ హానికరమే; నైట్రేటు మాత్రము అంత హాని చేయదు. ఈ సూక్ష్మజీవులు గరుకైన ఉపరితలముల నంటుకొని బ్రదుకును. కావున ఫిల్టరనగా వట్టి జల్లెడ కాదు. కోట్లకొలది సూక్ష్మజీవులు కాపురముండు ఇల్లు. దీనిని గుర్తించినవాడు బేరములో మోసపోడు.

కానిస్టరు ఫిల్టరనగా మూతబిగించిన బకెట్టు వంటిది. దీనిని తొట్టి క్రింద నుంచుదురు. ఒక గొట్టము ద్వారా నీరు తొట్టినుండి దిగును. లోపలి బుట్టలలోని స్పాంజి, పింగాణి గుల్లలగుండ పోవును. పంపు దానిని రెండవ గొట్టము ద్వారా పైకి పంపును. నీరు పక్కదారి పట్టక వస్తువుల గుండనే పోవుట దీని గుణము. మూసియుండుటచేత లోపలికి గాలి చొరకపోవుట దీని దోషము.

ఎన్నుకొనునపుడు మొదట లెక్క వేయుడు. 90 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు, 40 ఎత్తు గల తొట్టిలో 126 లీటర్లు పట్టును. పైన వదలిన ఖాళీయు, రాళ్ళును పోగా నీరు సుమారు 100 లీటర్లు. గంటకు తొట్టినీటికి అయిదురెట్లు, అనగా 500 లీటర్లు, ఫిల్టరుగుండ పోవుట మేలు. పెట్టెపై ముద్రించిన అంకె సాధారణముగా ఖాళీ యంత్రమునకు చెందినది. స్పాంజి, గుల్లలు నింపి, నీటిని పైకెక్కించునప్పటికి అది చాల తగ్గును. కావున 800 లీటర్లని వ్రాసియున్న దానిని కొనుట యుక్తము.

రెండవది, లోపలి చోటు. ఒకే ధరకు రెండున్నచో బుట్టలు పెద్దవైనదానిని తీసికొనుడు. పింగాణి గుల్లలకు ధనము చాలకున్న, పాత్రలు తోము క్రొత్త ప్లాస్టిక్ పీచును, సబ్బు తగులనిదానిని, నింపవచ్చును. ఇనుప పీచు తగదు. ఉప్పు ఇనుమును తినివేయును. అందువలననే పంపులోని ఇరుసు పింగాణిదో కాదో విచారింపవలెను.

మూడవది, విద్యుత్తు. పది వాట్ల పంపు రేయింబవళ్ళు నడచినచో నెలకు 7.2 యూనిట్లగును, ఇరువదియైదు వాట్లదైనచో 18 యూనిట్లగును. కొనునప్పుడు చవుకగా దొరకినది నెలనెలకు బిల్లులో పగ తీర్చుకొనవచ్చును.

నాల్గవది, విడిభాగములు. మూతక్రింది రబ్బరు వలయము, పంపులోని చిన్న చక్రము దొరకునా యని ముందే అడుగుడు. వాడినదానిని కొన్నను తప్పు లేదు. కాని ఒక రాత్రి బకెట్టు నీటితో నడిపి, చుక్క కాఱుట లేదని చూచిన పిమ్మటనే సొమ్మీయవలెను.

కొన్నంతమాత్రమున పని ముగియదు. నే నెఱిగిన యింట నొకరు శుభ్రతపై నాసక్తితో ఫిల్టరులోని వస్తువులన్నిటిని కుళాయి నీట తెల్లగా కడిగిరి. నీటిలోని క్లోరిన్ చేత సూక్ష్మజీవులు నశించెను; నాలుగు దినములలో చేపలు తేలెను. స్పాంజిని రెండు మూడు వారములకొకసారి, తొట్టినుండి తీసిన నీటిలోనే పిండవలెను. గుల్లలను స్పాంజితోపాటు ఒకేసారి కడుగరాదు. విద్యుత్తు కొన్ని గంటలు నిలిచినచో మూసిన డబ్బాలో ప్రాణవాయువు తఱిగి సూక్ష్మజీవులు చచ్చును. విద్యుత్తు వచ్చిన వెంటనే యంత్రమును నడపక, లోని నీటిని పాఱబోసి పిదప నడపుడు. బ్యాటరీతో నడచు చిన్న గాలిపంపు తొట్టికి తోడుగ నుండిన మంచిది. యంత్రమును తాకునపుడు ప్లగ్గు ఊడదీయుట మఱువకుడు. ఉప్పునీరు విద్యుత్తునకు మంచి వాహకము.

తొట్టిలో నీరు నింపిన నాడే చేపలను విడువరాదు. సూక్ష్మజీవులు స్థిరపడుటకు నాలుగు నుండి ఆఱు వారములు పట్టును. పగడపు రాళ్ళను, సముద్రగుఱ్ఱములను ఎవరైన అమ్మజూపినచో కొనకుడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వానిని రక్షించుచున్నది. మండపములోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా కేంద్రమువారు క్లౌన్ చేపలను తొట్లలోనే పిల్లలు పెట్టించు విధానమును సాధించిరి. అట్లు పెంచిన చేపలనే కోరుట ఉచితము.

చివరగా మఱియొక లెక్క. నైట్రేటు పేరుకొనకుండ వారమునకు పది లీటర్ల నీరు మార్చినచో 350 గ్రాముల లవణము కావలెను. నాలుగు వారములకు 1,400 గ్రాములు. ఈ వ్యయము ఫిల్టరు ధరలో కనబడదు. కావున విద్యార్థులారా, ఉన్న ధనమంతయు యంత్రముపైననే పోయక, మొదటి ఆఱుమాసముల లవణమునకు కొంత వేఱుగా నుంచుడు. సెలవులలో ఎవరు వచ్చి నీరు మార్తురో ముందుగా పేర్లు వ్రాసికొనుడు. ఆ పట్టికలో పేర్లు నిండకున్నచో, ఈ యేడు మంచినీటి చేపలతో తృప్తిపడి, వానిని చక్కగా సాకుట నేర్చుకొనుడు. అందులో చిన్నతనమేమియు లేదు.