మహాయంత్రములు, వీరధర్మము: కొల్లేటి సీమనుండి ఒక పరిశీలనము

భీష్మపర్వారంభమున కురుపాండవులు పోరునకు పూర్వము కొన్ని నియమములు చేసికొనిరి. రథికుడు రథికునితోను, ఏనుగుపై నున్నవాడు ఏనుగుపై నున్నవానితోను, రౌతు రౌతుతోను, కాలిబంటు కాలిబంటుతోను పోరవలెను. వెన్నిచ్చినవానిని, ఆయుధము విడిచినవానిని కొట్టరాదు. ఈ కట్టడులు పదునెనిమిది దినములలో ఒక్కొక్కటిగా ఎట్లు భగ్నమైనవో చదువరులెరుగుదురు. నాకిచట కావలసినది ఆ భంగము కాదు, ఆ కట్టడుల వెనుకనున్న ఊహ. వీరుని గౌరవము ఆయుధసామ్యముపై నిలిచియున్నదనుటయే ఆ ఊహ. ఏనుగునకు ఏనుగే జోడు.

ఈ ఊహ పాతబడినదని తలపరాదు. పాశ్చాత్యదేశములందును జపానునందును గత అరువదేండ్లుగా పెరిగిన ఒక కథాశాఖకు ఇదియే ప్రాణము. అమెరికా రచయిత రాబర్ట్ హైన్‌లైన్ 1959లో వెలువరించిన ‘స్టార్‌షిప్ ట్రూపర్స్’ నవలలో సైనికుడు యంత్రకవచమును తొడిగికొని పోరును. 1979లో జపాను దూరదర్శనమున టోమినో యోషియుకి నడపిన ‘మొబైల్ సూట్ గండమ్’ చిత్రకథలో ఆ కవచము మేడయంత యెత్తుగల లోహపురుషుడై, యోధుని తన గర్భమున ధరించినది. 1984లో అమెరికాలో ‘బాటిల్‌టెక్’ అను పటక్రీడ పుట్టి, దాని ననుసరించి నవలలనేకములు వచ్చినవి. అందలి డ్రాకోనిస్ కంబైన్ అను రాజ్యము సమురాయి సంప్రదాయమును తలదాల్చినది. క్లానులను మరియొక జాతివారు ఒక్కనితో ఒక్కడే పోరవలెనను నియమమును పాటింతురు. ఎదిరి ఆ నియమమును తప్పినచో తామును దానినుండి విముక్తులగుదురు. వ్యాసభారతమును చదివినవానికి ఈ చివరిమాట వింతగా తోపదు.

గండమ్ కథలో ఒక యుక్తి కలదు. అంతరిక్షమున యుద్ధము చేయువారు వేలమైళ్ల దూరమునుండి క్షిపణుల నేయక, ఎదురెదురుగా నిలిచి కత్తులతో ఏల పోరవలెను? ఈ ప్రశ్నకు సమాధానముగా కథకులు ‘మినోవ్‌స్కీ కణములు’ అను పదార్థమును కల్పించిరి. ఆ కణములు వెదజల్లినచోట రాడారు పనిచేయదు, దూరపుగురి కుదరదు. చేరువకు వచ్చి పోరక తప్పదు. శాస్త్రదృష్టితో చూచిన ఇది వట్టి సాకు. కాని సాహిత్యదృష్టితో చూచినచో కథయంతయు ఈ సాకుపైననే నిలిచినది. యంత్రము చెరపివేసిన ద్వంద్వయుద్ధమును యంత్రముచేతనే మరల తెప్పించుట రచయిత సంకల్పము.

వీరధర్మగ్రంథములు పుట్టిన కాలమును గమనించినను ఈ విషయమే స్పష్టమగును. జపానులో నాగషినో యుద్ధము 1575లో జరిగినది. ఓడా నొబునాగా తుపాకిబంట్లు తకెడా వంశపు ఆశ్వికదళమును నేలగూల్చిరి. సమురాయిల మరణనిష్ఠను కీర్తించు ‘హగకురె’ ఆ పిమ్మట నూటనలువది సంవత్సరములకు, యుద్ధములు సద్దుమణిగిన కాలమున పుట్టినది. ‘బుషిదో’ అను పేరును లోకమున వ్యాపింపజేసిన నిటోబె ఇనజో పుస్తకము 1900లో ఆంగ్లమున వెలసినది. నాటికి సమురాయివర్గమే లేదు. మన పలనాటి వీరచరిత్రమును శ్రీనాథుడు రచించుటయు యుద్ధము ముగిసిన రెండు శతాబ్దములకు తరువాతనే కదా! కత్తి ఒరలో చేరినపిదపనే దాని ధర్మము గ్రంథమునకెక్కును.

ఇక మన సీమకు వత్తము. కొల్లేటి తీరమున మహాయంత్రమనదగినది మొదట ఏనుగు. రెండవ పులకేశి ఐహోళె శాసనమున (క్రీ.శ. 634) రవికీర్తి కునాళమను సరస్సునొద్ద జరిగిన పోరును వర్ణించినాడు. నీరు మనుష్యరక్తమున ఎఱ్ఱబారెననియు, నడుమనున్న నేల ఏనుగుల బారులతో నిండెననియు, ఆ దృశ్యము మబ్బులు క్రమ్మిన సంధ్యాకాశమువలె నుండెననియు ఆతని భావము. ఆ కునాళము కొల్లేరే యని పండితులు నిర్ణయించినారు. ఏలూరికి చేరువనున్న పెదవేగి నాటి వేంగి రాజధాని. శాసనకవి కంటికి ఏనుగులు కనబడినవిగాని, నెత్తురోడ్చిన కాలిబంటు పేరు కనబడలేదు.

రెండవ యంత్రము విమానము. 1942 ఏప్రిల్ 6వ తేదీని జపాను నౌకాదళపు విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసినవి. ఆ యుద్ధకాలమున ఆంగ్లేయులు వేసిన విమానపుదారి తాడేపల్లిగూడెమున నేటికిని చూడనగును. బుషిదో పేరు చెప్పుకొన్న సేన తెలుగుతీరమునకు వచ్చినపుడు కత్తియు లేదు, ఎదిరిని పేరుపెట్టి పిలుచుటయు లేదు. పైనుండి పడినదానికి క్రింద నున్నవాడు ఏ మర్యాదతో బదులీయగలడు?

అట్లు బదులీయలేనివాడు ఏమి చేయును? కొల్లేటికోట ఐతిహ్యము ఇచట పనికివచ్చును. సరస్సు నడుమ లంకలో గజపతుల కోట యుండెనట. శత్రుసేన ఒడ్డున చిగురుకోటయొద్ద విడిసెను. చుట్టునున్న నీరే కోటకు రక్ష యగుటచే, శత్రువులు ఏనుగులను నమ్మక పలుగుపారలను నమ్మిరి. ఉప్పుటేరును త్రవ్వి సరస్సును సముద్రమునకు వదలివేయజూచిరి. అంతట గజపతి సేనాని దేవతల ప్రసన్నతకై తన కుమార్తెను బలియిచ్చెననియు, అందుచే ఆ కాలువకు పేరంటాల కనుమ యను పేరు వచ్చెననియు చెప్పుదురు. చరిత్రగా దీనిని నమ్మవలసిన పనిలేదు. కథ నడచిన దారి మాత్రము గమనింపదగినది. ఎదిరి ఆయుధమునకు జోడు ఆయుధము లేనపుడు వీరుని కత్తి తన యింటివైపునకు మరలినది.

ఇదే దారిని చరిత్ర నడచినది 1757 జనవరి 24న, బొబ్బిలిలో. 1753లో సలాబత్ జంగ్ ఏలూరు, రాజమహేంద్రవరము, ముస్తఫానగరము, శ్రీకాకుళము సర్కారులను ఫ్రెంచివారికి ధారాదత్తము చేసినందున బుస్సీ సేన అంతదూరము పోగలిగినది. విజయరామరాజు తన పగకు బుస్సీ ఫిరంగులను తోడు తెచ్చుకొనెను. మట్టికోటలోనివారికి వానికి జోడైన ఆయుధము లేదు. కోట నిలువదని తేలినపుడు లోపలివారు తమ స్త్రీలను, బిడ్డలను తామే చంపుకొనిరి. దీనిని మనము వీరగాథగా పాడుకొనుచున్నాము. పాడుకొనుట తప్పనను. అయితే ఆ మరణమును కోరుకొన్నదెవరో, కోరుకొనక పొందినదెవరో పాట అడుగలేదు, పరిశోధకుడు అడుగవలెను.

ఆ పిమ్మట మూడవనాటి రాత్రి విజయరామరాజు తన డేరాలో హతుడయ్యెను. ఆంగ్లచరిత్రకారుడు రాబర్టు ఓర్మ్ చంపినవారిని పేరులేని బొబ్బిలి బంట్లుగా చెప్పగా, మన పాట తాండ్ర పాపారాయునికి ఆ కీర్తి నిచ్చినది. రాత్రివేళ శిబిరమున చొరబడి నిద్రించువారిని చంపుట భారతమున సౌప్తికపర్వము. తిక్కన తెలుగుచేసిన ఆ పర్వమున అశ్వత్థామ పనికి మెప్పు లేదు, శాపమే దక్కినది. మరి పాపారాయునికి మెప్పేల? ముందుగా ధర్మము తప్పినది పాండవులే యని అశ్వత్థామయు వాదించెను. భేదమిది యని నాకు తోచుచున్నది: ఉపపాండవులు ఆ ధర్మభంగము చేసినవారు కారు, విజయరామరాజన్ననో, ఫిరంగిని పిలిచి తెచ్చినవాడు. తెలుగు జానపదుడు ఆయుధసామ్యము చెడగొట్టినవానికి ఆ సామ్యపు రక్షణ ఈయలేదు. బాటిల్‌టెక్ క్లానుల కట్టడి యు నిట్టిదే.

2024లో నాగ్ అశ్విన్ తీసిన ‘కల్కి 2898 ఏ.డి.’ చలనచిత్రమున శాపగ్రస్తుడైన ఈ అశ్వత్థామయే మరల వచ్చినాడు, భవిష్యత్కాలపు యంత్రముల నడుమ, గర్భవతియైన స్త్రీకి కావలిగా. ఉత్తర గర్భముపై అస్త్రము వేసినవానిని గర్భరక్షకునిగా నిలుపుట దర్శకుని సూక్ష్మబుద్ధి. మా విద్యార్థులు ఆ చిత్రమునుగూర్చి వాదించుకొనునపుడు వారి మాటలు ‘బుజ్జి’ యను యంత్రవాహనము చుట్టునే తిరిగినవి. ఏనుగులను చూచిన రవికీర్తి చూపునకు ఈ చూపునకు దూరము తక్కువ.

బొబ్బిలి పాటలో రాణి మల్లమ్మదేవి పేరైనను మిగిలినది. కొల్లేటి బాలికకు అదియును లేదు. పేరంటాలన్నది ఆమె పేరు కాదు. ముత్తైదువగా మరణించి పూజలందుకొను ఏ స్త్రీనైనను మన పల్లెలలో పిలుచు సామాన్యశబ్దము.