బొగ్గు నేలపై సూర్యకాంతి

ఇంధనం లేనిదే ఆధునిక జీవనం లేదు. దీపం వెలగాలన్నా, యంత్రం కదలాలన్నా, పొలానికి నీరు పారాలన్నా శక్తి కావాలి. ఆ శక్తిని ఎక్కడినుండి పొందాలి? అందుకు మూల్యం చెల్లించేది ఎవరు? నేడు ప్రపంచ దేశాలన్నింటి ముందూ ఉన్న ప్రశ్నలివి.

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్‌పై దండెత్తింది. అంతవరకు సహజవాయువు కొరకు రష్యాపై ఆధారపడిన ఐరోపా దేశాలు, సరఫరా తగ్గగానే కలవరపడ్డాయి. ధరలు విపరీతంగా పెరిగాయి. జర్మనీ కొన్ని పాత బొగ్గు విద్యుత్కేంద్రాలను తిరిగి నడిపింది. అయినా 2030 నాటికి తన ఇంధన వినియోగంలో కనీసం 42.5 శాతం పునరుత్పాదక వనరులనుండి లభించాలని ఐరోపా సమాఖ్య 2023లో చట్టం చేసింది. బొగ్గును విడువవలెనా అన్నది కాక, ఎంత త్వరగా విడువగలమన్నదే అక్కడి వివాదం.

ఈ వివాదం మనకు దూరమైనది కాదు. ఖమ్మం, భద్రాచలం నడుమ అడవుల నేల బొగ్గుకు నిలయం. 1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. 1889లో తవ్వకాలు మొదలైనాయి. సమీపంలోని సింగరేణి గ్రామం పేరే ఆ గనుల సంస్థకు స్థిరపడింది. 1960వ దశకంలో పాల్వంచ వద్ద థర్మల్ విద్యుత్కేంద్రం వెలసింది. అందులో పాత యూనిట్లు మూతపడగా, వాటి ఎనిమిది కూలింగ్ టవర్లను 2024 ఆగస్టులో కూల్చివేశారు. అంతమాత్రాన బొగ్గు యుగం ముగియలేదు. మణుగూరు సమీపాన 1080 మెగావాట్ల భద్రాద్రి కేంద్రం 2022 నాటికి పూర్తయింది.

బొగ్గు రేయింబవళ్లు విద్యుత్తునిస్తుంది. వేలాది కార్మిక కుటుంబాలను పోషిస్తుంది. కాని దానిని మండించినపుడు వెలువడే బొగ్గుపులుసు వాయువు భూతాపాన్ని పెంచుతుంది. బూడిద పరిసరాలను కలుషితం చేస్తుంది. ఉపరితల గనులు అడవిని హరిస్తాయి.

జలవిద్యుత్తుకు పొగ లేదు. మోతుగూడెం వద్ద దిగువ సీలేరు కేంద్రం సామర్థ్యం 460 మెగావాట్లు. సాగునీటితోపాటు 960 మెగావాట్ల విద్యుత్తు కూడా పోలవరం ప్రాజెక్టు లక్ష్యం. కాని దాని జలాశయం కొరకు కోయలు, కొండరెడ్లు తరతరాల ఊళ్లను విడువవలసి వస్తున్నది. ముంపు కారణంగానే 2014లో నాటి ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల ప్రాంతాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి.

ఇక సౌరశక్తి. బొగ్గు తవ్వే సింగరేణి సంస్థయే మణుగూరులో 30, ఇల్లెందులో 39 మెగావాట్ల సౌర కేంద్రాలను నెలకొల్పింది. సూర్యకాంతికి వెల లేదు, దిగుమతి అవసరం లేదు. అయితే రాత్రివేళ అది లభించదు. పగటి విద్యుత్తును బ్యాటరీలలో నిలువచేయాలి. లేదా దానితో నీటిని ఎత్తైన జలాశయానికి తోడి, రాత్రి క్రిందికి వదిలి టర్బైన్లను త్రిప్పాలి. ఈ రెండూ వ్యయంతో కూడినవే. పైగా గనిలో పనిచేసే వేలమందికి సౌర కేంద్రం పని చూపలేదు.

కనుక మార్పు అనివార్యమే అయినా, అది న్యాయంగా జరగాలి. గని కార్మికుని బిడ్డకు కొత్త వృత్తిలో శిక్షణ దొరకాలి. సౌర ఫలకాలను పచ్చని అడవిని నరికి కాక, తవ్వి విడిచిన భూములలో పరచాలి. భూమి తీసుకొనే ముందు గ్రామసభ మాట వినాలి. నగరాల దీపాలకు తమ నేలను, శ్రమను ధారపోసిన వారి ఇళ్లలో చీకటి మిగిలితే, ఆ వెలుగు ఏ వనరునుండి వచ్చినా అసంపూర్ణమే.