విందునకు తెచ్చు వంటకము

పెద్దల యింటికి, పసిబిడ్డలున్న యింటికి వట్టి చేతులతో పోరాదని మన పూర్వుల మాట. ఆడపిల్ల అత్తవారింటికి సారెతో అరిసెలు, లడ్లు వెళ్లును. నేడు పట్టణములలోను, పరదేశములందలి తెలుగువారిలోను తలకొక వంటకము తెచ్చి కలిసి భుజించు విందులు పరిపాటియైనవి. ఈ యాచారము స్నేహమును పెంచును. అయితే దీనికి కొన్ని మర్యాదలు కలవు. వానిలో మొదటిది, వండిన వేళను దాచకుండుట.

వేసవిలో ఒక యింట శ్రీమంతము జరుగుచున్నదని తలంపుడు. గర్భిణి పినతల్లి ఉదయము 7 గంటలకు కొబ్బరి అన్నము వండి, డబ్బాలో పెట్టుకొని, బస్సులో వచ్చినది. వడ్డనవేళకు ఒంటిగంట అయినది. వలదన్నచో చెల్లెలు నొచ్చుకొనునేమోయని గృహిణి సంకోచించును. వడ్డించినచో కూతురికి ప్రమాదము కలుగవచ్చును.

ఈ భయము నిరాధారము కాదు. 5 డిగ్రీల నుండి 60 డిగ్రీల సెంటీగ్రేడు వరకు గల వేడిమిలో సూక్ష్మజీవులు త్వరగా వృద్ధి పొందును. బియ్యములో నుండు బాసిలస్ సీరియస్ అను సూక్ష్మజీవి యొక్క సిద్ధబీజములు అన్నము ఉడికినను చావవు. అన్నము గోరువెచ్చగా నిలిచినప్పుడు అవి మొలకెత్తి విషమును పుట్టించును. ఆ విషము మరల కాచినను నశింపదు. తిన్న కొద్ది గంటలలోనే వాంతులు కలుగును. వాసనయు రుచియు మారకపోవచ్చును గనుక, రుచి చూచి నిర్ణయించుట తగదు. గర్భిణులు, పసివారు, వృద్ధులు ఇట్టి వ్యాధులకు సులభముగా లోనగుదురు.

కావున వండిన ఆహారమును 2 గంటలకు మించి బయట నుంచరాదు. ఎండ 32 డిగ్రీలు దాటిన దినములలో ఒక గంటయే మేర. దూరము నుండి వచ్చువారు జంతికలు, చేగోడీలు, అరిసెలు వంటి పొడి పిండివంటలను గాని, తరుగని పండ్లను గాని తెచ్చుట మేలు. కొబ్బరి, పెరుగు, కోవా, మాంసము చేరిన వంటకములు దూరప్రయాణమునకు తగవు. విరేచనములతో గాని, చేతిపై చీముపట్టిన పుండుతో గాని బాధపడువారు ఇతరులకై వండరాదు. పండ్లు కొని తెచ్చిన చాలును.

ఏమి తెచ్చెదరో గృహస్థునకు ముందుగా తెలుపవలెను. వేరుసెనగ, జీడిపప్పు, నువ్వులు కొందరికి సరిపడవు. చక్కెర మధుమేహులకు తగదు. కావున వంటకములో నేమి చేర్చినదియు చెప్పవలెను. తెచ్చినదానిని వడ్డించి తీరవలెనను నియమము గృహస్థునకు లేదు. "ఎప్పుడు వండితివమ్మా?" అని అడుగుట అవమానము కాదు. అడుగకమునుపే, "అక్కా, ఇది ఉదయము వండినది, అమ్మాయికి పెట్టవలదు" అని చెప్పునట్టి అతిథియే ఉత్తమురాలు.

వచ్చిన గిన్నెను వట్టిగా తిరిగి పంపరాదనుటయు మన యాచారమే. ఆ గిన్నెలో ఉదయము నుండి నిలిచిన కూరను నింపి పంపుటకంటె, శుభ్రముగా కడిగి తుడిచి, రెండు పండ్లుంచి పంపుట మర్యాదయు, ఆరోగ్యకరమును అగును.